మూడో చరణం

"గడప దాటనియ్యకమ్మా," అన్నాడు సురేందర్ లోపలి నుంచి.

అప్పటికే ఆ పిల్ల గడప దాటింది. చెప్పులు బయట విడిచి, నేల మీద ఆరబోసిన తంబాకు తొక్కకుండా గోడవారగా నడిచి వచ్చి నిలబడింది. ఈ ఇంటికి వచ్చేపోయేవాళ్లలో సగం మందికి ఆ జాగ్రత్త ఉండదు. సురేందర్ తల్లి గోదావరి ఒడిలో బీడీ ఆకుల చాట అట్లాగే ఉంది. కత్తెర ఆకు మధ్యలో ఆగిపోయింది.

"నేను ఝాన్సీనండి. బోధన్ నుంచి వచ్చాను. రుచిత ఉందా?"

పేరు చెప్పనక్కర్లేదు. కొంతకాలంగా ఈ ఇంట్లో ఆ పేరును తలుపులు వేసుకుని పలుకుతున్నారు. ఫోన్‌లో కనబడే ముఖం కంటే చిన్న ముఖం. నిద్ర లేని కళ్లు. చేతిలో స్టీలు డబ్బా.

"మా నాయనమ్మ పంపింది ఆంటీ. బెల్లం. ఒకరింటికి ఒట్టి చేతులతో వెళ్లొద్దంది."

సురేందర్ బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. మొబైల్ షాపులో పని మానేసి చెల్లెలి పాటల వ్యవహారం చూసుకుంటున్నప్పటి నుంచి అతనికి ఇస్త్రీ లేని చొక్కా లేదు.

"కొట్లాటకు వచ్చేటోళ్లు బెల్లం పట్టుకొని వస్తరా?"

"కొట్లాటకు మా నాన్న వస్తానన్నారండి. నేనే వద్దన్నాను."

"అంటె? బెదిరిస్తున్నవా?"

"ఒరేయ్," అంది గోదావరి. "ఇంటికొచ్చిన పిల్లను కూసోమనవారా ముందుగాల?"

మూలన గోడకానుకుని బీడీలకు దారం చుడుతున్న పెంటవ్వ తలెత్తింది. గోదావరి అత్త ఆమె. చెవులు సగం పోయాయి, చేతులు మాత్రం ఇంకా చూడకుండానే దారం చుడతాయి.

"ఎవలే ఆ పోరి? ఎండల వడి వచ్చినట్టుంది. నీళ్లియ్యి."

గోదావరి లేచి చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఝాన్సీ గటగటా తాగింది. బోధన్ బస్సులో నిలబడి వచ్చినట్టుంది, కాళ్లు మార్చి మార్చి మోపుతోంది.

లోపలి గది పరదా కదిలింది. రుచిత బయటికి వచ్చి, ఆ పిల్లను చూసి, అక్కడే ఆగిపోయింది. కొత్త డ్రెస్సు, కళ్లకు కాటుక, పెదవులకు రంగు. ఇంకాసేపట్లో హైదరాబాదు నుంచి కంపెనీవాళ్ల వీడియో కాల్ రావాలి. దానికోసం పొద్దున్నుంచి తయారవుతోంది.

ఇద్దరు పిల్లలూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే పాట పాడిన రెండు గొంతులు.

*

ఆ పాట ఈ ఇంట్లోకి ఎట్లా వచ్చిందో గోదావరికి బాగా తెలుసు.

పోయిన వానకాలం. ఆకు కత్తిరిస్తూ రుచిత ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పాటలు పెట్టుకుంది. అందులో ఎక్కడినుంచో ఈ పాట వచ్చింది. ఒక గిటారు, ఒక ఆడపిల్ల గొంతు. అంతే. రుచిత మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది. సాయంత్రానికి తానే పాడసాగింది, కత్తెర చప్పుడుకు కలిపి. "దిగిపోతాను" అన్నచోట "దిగిపోత" అంది. ఏడుపులాంటి పాటకు నడక వచ్చింది.

సురేందర్ ఫోన్ తీసి వీడియో పట్టాడు. తల్లీ కూతుళ్లిద్దరి కత్తెరలూ కిచ్‌కిచ్‌మంటుంటే రుచిత పాడింది. రెండు చరణాలు పాడేసరికి చేతిలో ఆకు అయిపోయింది. పాట కూడా అక్కడే ఆపేసింది. మూడో చరణం పాడలేదు. సురేందర్ ఆ వీడియోను అట్లాగే నెట్‌లో పెట్టాడు.

ఆ రెండు చరణాలే ఆటోల్లో మోగాయి, కంఠేశ్వర్ కిరాణా కొట్లలో మోగాయి, పెండ్లి వీడియోల వెనక మోగాయి. నందిపేట్‌లో పసుపు లారీల మీద కూలికి పోయిన గోదావరి భర్త రామస్వామి, లారీ డ్రైవర్ ఫోన్‌లో తన బిడ్డ గొంతు విని, అక్కడి నుంచి ఫోన్ చేసి మాట్లాడలేక పెట్టేశాడు.

అంతవరకు బాగానే ఉంది.

టీవీవాళ్లు వచ్చి పాట ఎవరిదని అడిగారు. "జానపదం. మా నాయినమ్మ పాట. బీడీలు చేసుకుంట పాడుతరు," అన్నాడు సురేందర్. రుచిత పక్కనే కూర్చుని ఉంది. తల వంచుకుంది. ఆ వంచిన తలను గోదావరి టీవీలో చూసింది. బిడ్డ సిగ్గుపడిందని వాడకట్టంతా అనుకుంది. సిగ్గు కాదని గోదావరి ఒక్కదానికే తెలుసు.

తెలిసీ ఊరుకుంది. ఎందుకంటే డాక్టర్ ఆ మధ్యనే చెప్పాడు, తంబాకు దుమ్ములో కూర్చుంటే ఈ పిల్లకు గొంతు మిగలదని. ఆ పాట వచ్చాక రుచిత చాట ముట్టలేదు. రాత్రిళ్లు దగ్గు లేదు. బిడ్డ దగ్గకుండా నిద్రపోతుంటే వింటూ పడుకోవడం గోదావరికి కొత్త సుఖం.

*

"నేను గొడవ పెట్టడానికి రాలేదు," అంది ఝాన్సీ. "రుచితతో ఒక్క మాట మాట్లాడి వెళ్లిపోతాను."

"ఏమున్నా నాతోని మాట్లాడు," అన్నాడు సురేందర్.

"పాడింది మీరు కాదు కదండి."

పెంటవ్వ కిసుక్కున నవ్వింది. ఆమెకు ఏం వినబడిందో ఎవరికీ తెలియదు.

ఝాన్సీ రుచిత వైపు తిరిగింది. "మొన్న డిచ్‌పల్లిలో, మా క్యాంపస్ ఫంక్షన్‌లో నా పాట పాడదామని స్టేజీ ఎక్కాను. మొదటి లైను అయిందో లేదో అరిచారు. కాపీ, కాపీ అని. నిజామాబాద్ పిల్ల పాట దొంగిలించావని. ఒకడైతే, మా ఊరికొచ్చి మా పొలాలు కొన్నరు, ఇప్పుడు మా పాటలు సుత ఎత్తుకపోతున్నరా అన్నాడు. మైకు తీసేసుకున్నారు."

రుచిత పెదవి కొరుక్కుంది. రంగు పంటికి అంటింది.

"నేను పుట్టింది బోధన్‌లోనే. మా తాత వచ్చాడు ఆంధ్రా నుంచి, నేను కాదు. సరే, అది వదిలెయ్యి. నువ్వు పాడొద్దని చెప్పడానికి రాలేదు. నాకంటే బాగా పాడావు. కత్తెర చప్పుడు నాకు తట్టదు. కానీ పాట ఝాన్సీది అని ఒక్కసారి చెప్పు. అంతే."

"చెప్తె ఏమైతదో తెల్సా?" సురేందర్ మధ్యలోకి వచ్చాడు. "కంపెనీవాళ్లకు జానపదమే కావాలె. సినిమాల పెడ్తరట. మా నాయినమ్మ ఒక్క మాట చెప్పాలె, మా చెల్లె పాడాలె. గదీ వాళ్ల లెక్క. అదే నీ పాట అయితె వాళ్లు నీతోని మాట్లాడుకుంటరు, పేరున్న సింగర్‌తోని పాడిచ్చుకుంటరు. మాతోని వాళ్లకేం పని? మా చెల్లె మల్ల వచ్చి గీ చాట ముంగట కూసోవాలె. కూసోమంటవా?"

ఝాన్సీ నేల మీది చాట వైపు చూసింది.

"నువ్వు పాడినప్పుడు ఎవలు విన్నరు? జెప్పు. మీ క్లాసోళ్లు విన్నరు. మా చెల్లె పాడితె తెలంగాణ విన్నది."

"అన్నా, ఊకో," అంది రుచిత.

"నువ్వూకో. ఎప్పుడు జూసినా నేనే చెడ్డోణ్ణి. నీ మేలుకే కదనే ఒర్రుతున్న?"

"వినలేదు. నిజమే," అంది ఝాన్సీ నెమ్మదిగా. "ఎవరూ వినలేదు. అందుకని నాది కాకుండా పోతుందా?"

"పాటల ఉన్న బెల్లం వాసన నీ సొత్తా? బస్సు నీ సొత్తా? ఊరూరికి బస్సులు లెవ్వా? ఎవలన్న కట్టుకుంటరు అట్లాంటి పాట."

"ఆ బస్సు దిగింది మా అమ్మండి."

ఆ మాట చాలా మామూలుగా వచ్చింది.

"మా అమ్మ పక్క ఊళ్లో టీచరు. రోజూ సాయంత్రం బెల్లం వండే మలుపు దగ్గర దిగేది. చక్కెర ఫ్యాక్టరీ మూసేశాక మా ఊరివాళ్లు కొందరు అక్కడే చెరుకు ఆడించి బెల్లం వండుకునేవాళ్లు. ఇంటిదాకా దింపుతానని డ్రైవరు అన్నా, నా ఒక్కదాని కోసం ఎందుకు, నడిచిపోతాలే అనేదట. వాన రోజున కూడా అట్లాగే దిగింది. లారీవాడికి కనబడలేదు." ఝాన్సీ చెంబు కింద పెట్టింది. "పిల్లల పుస్తకాలున్న సంచీ తడవలేదు. పైట కప్పి పట్టుకుందట."

*సంచిలో పుస్తకాలు తడుస్తాయేమో గానీ.* ఆ లైను పాడుతూ తన బిడ్డ ఎన్నిసార్లు నవ్విందో గోదావరికి గుర్తొచ్చింది. పెండ్లి పందిట్లో ఆ లైనుకు చప్పట్లు కొట్టారు.

సురేందర్ ఏదో అనబోయి మింగేశాడు. వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆ మాట నోటిదాకా వచ్చి ఆగదు.

అప్పుడు మాట్లాడింది పెంటవ్వ.

"బెల్లం పాట గురించేనా మీ లొల్లి? గది మా అమ్మ పాటనే."

అందరూ అటు తిరిగారు.

"మా అమ్మ నాగలి సాలు ఎంబడి విత్తనాలేసుకుంట పాడుతుండె. నేను గింతుండంగ. బెల్లం వాసనొచ్చే మలుపుకాడ... గదే. అబ్బ, ఏం గొంతనుకున్నవు బిడ్డా మా అమ్మది!"

ముసలమ్మ ముఖం వెలిగిపోతోంది.

సురేందర్ నేర్పిన మాట కాదిది. నేర్పుదామని వాడు అనుకున్నాడు గానీ అవసరం పడలేదు. ఇంట్లో పొద్దస్తమానం అదే పాట వినీ వినీ, వచ్చినవాళ్లంతా "మీ పాటేనట కదా అవ్వా" అంటుంటే వినీ వినీ, ఆ పాట పోయి ఆమె చిన్నతనంలో కూర్చుంది. ఈమధ్య ఆమెకు పొద్దున తిన్నది గుర్తుండదు. మొన్న రామస్వామి ఫోన్ చేస్తే, ఏ రామస్వామి అని అడిగింది కన్నకొడుకును. అట్లాంటి మనిషికి తల్లి గొంతు దొరికింది. అబద్ధం ఆడుతుంటే ఆపవచ్చు. అబద్ధం కాదే.

ఆమె తల్లి బతికున్న కాలానికి ఆ ఊరికి బాటే లేదు. బస్సెక్కడిది? గోదావరి ఆ మాట అనలేదు. సురేందర్ కూడా అనలేదు. అనాల్సింది ఝాన్సీ.

ఝాన్సీ వెళ్లి పెంటవ్వ ఎదురుగా బాసింపట్లు వేసుకుని కూర్చుంది.

"పాడండి మామ్మగారూ."

"ఏమంటివి? గారునా?" పెంటవ్వ మురిసిపోయింది. "సూసినవానే గోదారీ, గారు అంటున్నది నన్ను. నువ్వన్నవా ఎన్నడన్న?"

ఆమె గొంతు సవరించుకుంది. కళ్లు మూసుకుని పాడింది.

*బెల్లం వాసనొచ్చే మలుపుకాడ దిగిపోత*
*నా కోసం ఆగకుర్రి, బస్సు పోనీ...*

వణికే గొంతు. గోదావరి చేతిలో కత్తెర తనకు తెలియకుండానే కదిలింది. కిచ్, కిచ్. మొదటి చరణం. రెండో చరణం. రుచిత తెంపినచోటే తెంపుతూ, సాగదీసినచోటే సాగదీస్తూ పాడి, ముసలమ్మ ఆగింది.

"తర్వాత?" అంది ఝాన్సీ.

"తర్వాతనా..." దారం చుట్టే వేళ్లు ఆగిపోయాయి. "ఉండె. ఇంకొక్కటి ఉండె. మా అమ్మ... ఆగు, వస్తది."

రాలేదు. ఆమె కళ్లు గది నాలుగు మూలలా వెతికాయి. కొడుకు పేరు కోసం వెతికినప్పుడు కూడా అట్లాగే వెతికాయి.

"ఏమో బిడ్డా. గింత కూడా యాదికుంటలేదు నాకు. మా అమ్మ పాట సుత మర్చిపోయిన్నా ఏంది?"

ఇప్పుడు చెప్పవచ్చు. ఇది మీ అమ్మ పాట కాదు, మా అమ్మ పాట, మూడో చరణం నా దగ్గరుంది అని ఆ పిల్ల ఒక్క మాటంటే చాలు. సురేందర్ నోరు మూతపడుతుంది. దానికోసమే కదా బోధన్ నుంచి బస్సులో నిలబడి వచ్చింది.

ఝాన్సీ ముసలమ్మ చేతుల మీద చెయ్యి వేసింది.

"మీరేం మర్చిపోలేదు మామ్మగారూ. పాట అంతే. తర్వాత ఏం లేదు."

గోదావరి కత్తెర కింద పెట్టేసింది. మూడో చరణం ఆమె విన్నది. ఆ వానకాలం సాయంత్రం, బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్‌లోంచి. మాటలు గుర్తులేవు. అది విని కొంగుతో కళ్లు తుడుచుకున్నది గుర్తుంది.

తలెత్తి చూస్తే రుచిత కూడా తనవైపే చూస్తోంది.

"అంతేనా?" అంది పెంటవ్వ నమ్మకం చాలక. ఝాన్సీ డబ్బా మూత తీసి, చిన్న ముక్క విరిచి ఆమె చేతిలో పెట్టింది. ముసలమ్మ చప్పరిస్తూ, చప్పరిస్తూ, ఆ పిల్ల ముఖాన్నే చూసింది చాలాసేపు.

ఫోన్ మోగింది.

*

"ఎవ్వలు మాట్లాడొద్దు," అన్నాడు సురేందర్ గొంతు తగ్గించి. "అమ్మా, చాట పక్కన పెట్టు. వద్దు వద్దు, ఉండనీ, మంచిగ కనవడ్తది. రుచితా, ఇటు రా. ఏయ్, నువ్వు జర పక్కకు జరుగు."

ఝాన్సీ జరిగింది.

తెరమీద మల్లికార్జున్ అనే కంపెనీ మనిషి ప్రత్యక్షమయ్యాడు. వెనక అద్దాల గది, చెవుల్లో తెల్ల ఇయర్‌ఫోన్లు, నోటినిండా నవ్వు.

"హాయ్ రుచితా! మా డైరెక్టర్ గారు కూడా ఉన్నారు లైన్లో. అవ్వ ఎక్కడ? ముందు అవ్వను చూపించండి. అవ్వ మాట, ఆ ఒక్క బైట్ చాలు మాకు, మిగతాదంతా అయిపోయినట్టే."

సురేందర్ ఫోన్‌ను పెంటవ్వ ముందు పట్టాడు.

"నమస్తే అవ్వా! ఎట్లున్నరు?"

"ఈనె ఎవడ్రా, పండ్లు గింత తెల్లగున్నయి?"

అటువైపు ఎవరో పగలబడి నవ్వారు. "సూపర్ అవ్వా! అవ్వా, ఈ బెల్లం పాట మీకెవరు నేర్పిండ్రు? ఒక్కసారి చెప్పండి."

పెంటవ్వ నోట్లోని బెల్లాన్ని ఇంకో దవడకు మార్చింది.

"మా అమ్మ నేర్పింది," అంది పెంటవ్వ.

సురేందర్ కళ్లు మూసుకుని తెరిచాడు. రుచిత ముఖంలో రంగు మాత్రమే మిగిలింది.

"గని పాటల ఇంకో చరణం ఉన్నది బిడ్డా," అంది పెంటవ్వ. "నాకు వస్తలేదు. గీ పిల్లకు ఎర్క. లేదు లేదని అంటున్నది గని, దాని మొఖం జూస్తె నాకు సమజైంది. నా మనసు నొస్తదని చెప్తలేదు. దాన్ని అడుగు."

ముసలమ్మ చెయ్యి చాచి చూపించింది. ఆ వేలి వెంబడే ఫోన్ తిరిగిపోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఎవరా అమ్మాయి?" అన్నాడు మల్లికార్జున్. నవ్వు కొంచెం తగ్గింది. "ఎక్కడో చూసినట్టుంది."

"ఎవలు గాదు సార్. మా సుట్టాలపిల్ల."

ఝాన్సీ లేచింది. బెల్లం డబ్బా అక్కడే వదిలేసి, మళ్లీ తంబాకు తొక్కకుండా గోడవారగానే నడిచింది. అంత బాధలోనూ ఆ జాగ్రత్త మానలేదు. గడప అవతల వంగి చెప్పు వెతుక్కుంది.

"సుట్టం కాదు," అంది రుచిత.

"రుచితా!" సురేందర్ పళ్లు బిగించాడు.

రుచిత అన్న చేతిలోంచి ఫోన్ తీసుకుంది. లాక్కోలేదు. నిద్రపోయే పిల్లవాడి చేతిలోంచి బొమ్మ తీసినట్టు తీసుకుంది. వాడి వేళ్లు ఎందుకో వదిలేశాయి.

"సార్, జర వినుర్రి," అంది. తర్వాత తల్లి వైపు చూసి, "అమ్మా, కత్తెర ముట్టకు," అంది.

గోదావరి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులకు పని లేకపోవడం ఆమెకే వింతగా ఉంది. ఇప్పుడు బిడ్డ నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసు. అద్దాల గది పోతుంది. దగ్గు తిరిగి వస్తుంది. వద్దు బిడ్డా అనాలని గొంతుదాకా వచ్చింది. మూలన పెంటవ్వ బెల్లం చప్పరిస్తూ కూర్చుని ఉంది. ఆ మాట గోదావరి నోటికి రాలేదు.

రుచిత పాడింది.

కత్తెర లేదు, నడక లేదు. మొదటిసారి ఫోన్‌లో విన్నప్పుడు ఎట్లా ఉందో అట్లా, ఆ పిల్ల పాడినట్టే, నిదానంగా.

*బెల్లం వాసనొచ్చే మలుపులో దిగిపోతాను*
*నా కోసం ఆగొద్దు, బస్సు పోనీ*
*సంచిలో పుస్తకాలు తడుస్తాయేమో గానీ*
*నడిచొస్తాలే, నన్ను నడిచి రానీ...*

బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎవరూ అటు చూడలేదు. ఒక చరణం. రెండో చరణం. తాను ఎప్పుడూ ఆపేచోటికి వచ్చి రుచిత ఆగింది.

"ఇక్కణ్ణుంచి నాకు రాదు సార్," అంది. "గీ పాట కట్టినామెకు వస్తది. అగో, తలుపుకాడున్నది."

అటువైపు మల్లికార్జున్ పక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అంటున్నాడు, మాట వినబడటం లేదు. సురేందర్ చెయ్యి ఫోన్ మీదికి లేచి, గాలిలోనే నిలిచిపోయింది.

గడప అవతల ఝాన్సీ ఒక కాలికి చెప్పు తొడుక్కుని నిలబడి ఉంది. రెండో చెప్పు చేతిలోనే ఉంది.

"పాడు బిడ్డా," అంది పెంటవ్వ. "మా అమ్మ పాట ఇనక ఎన్నొద్దులాయె."

ఝాన్సీ కదలలేదు.

గోదావరి చాటను తనవైపు లాక్కుంది. పరిచిన తంబాకును అరచేత్తో పక్కకు ఊడ్చి, గడప నుంచి ముసలమ్మ దాకా మనిషి నడిచేంత బాట చేసింది.